కాఫీ మొక్కకి ఫంగస్ వచ్చిందని ఎలా తెలుస్తుంది? తెలిసినా తెగులు ఎందుకు వస్తుంది?

పచ్చాకు_77:

అందరికీ నమస్తే అండి. ఎమ్మెస్సీ బోటనీ చదువుతున్నాను, ఈ సెమిస్టర్ ప్లాంట్ పాథాలజీలో కాఫీ ఆకు తుప్పు తెగులు ఉంది, హెమీలియా వాస్టాట్రిక్స్ అనే ఫంగస్ వల్ల వచ్చేది. తెగులు ఎలా ఉంటుందో తెలుసు. ఆకు పైన పసుపు మచ్చ, తిప్పి చూస్తే అడుగున నారింజ రంగు పొడి, రుద్దితే వేలికి అంటుతుంది, కొన్నాళ్ళకి ఆకు రాలిపోతుంది. ఇంతవరకు ఇబ్బంది లేదు.

నాకు ఎక్కనిది మొక్క వైపు సంగతి. మనకైతే రక్తం ఉంది, తెల్ల రక్తకణాలు ఒళ్ళంతా తిరుగుతుంటాయి, క్రిమి ఎక్కడ కనిపిస్తే అక్కడికి పోతాయి. మొక్కలో కణం ఎక్కడ పుట్టిందో అక్కడే ఉంటుంది, చుట్టూ గట్టి గోడ, కదిలే ప్రసక్తే లేదు. మరి ఆకులో ఏదో ఒక మూల ఒక్క స్పోర్ (ఫంగస్‌కి విత్తనంలాంటిది) మొలిస్తే పక్కనున్న కణానికి ఇది పరాయిది అని ఎలా తెలుస్తుంది? తెలిశాక అది చేయగలిగింది ఏముంది? మా పుస్తకంలో నిరోధక జన్యువులు ఉంటే తెగులు రాదు అని రెండు లైన్లలో తేల్చేశారు, జన్యువు ఉంటే ఎందుకు రాదో మాత్రం ఎక్కడా లేదు.

ఇంకోటి, బాగా తట్టుకుంటుందని పేరున్న రకాలకి కూడా కొన్నేళ్ళకి తుప్పు వస్తుంది అని చదివాను. అప్పుడు మారింది మొక్కా, ఫంగసా? మొక్కలో జన్యువు అలాగే ఉంటే అది పని చేయడం ఎందుకు మానేసింది?

మరీ చిన్నపిల్లలకి చెప్పినట్టు కాకుండా కొంచెం లోతుగా చెప్పగలిగినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

---

మైక్రోస్కోప్_మిత్ర:

మంచి ప్రశ్న అడిగారు. ముందు ఫంగస్ ఏ దారిలో వస్తుందో చూడాలి, ఎందుకంటే మొక్క దాన్ని గుర్తుపట్టేది ఆ దారిలో కొన్ని ఖచ్చితమైన చోట్ల మాత్రమే, ఆకంతా ఒకేలా కాదు.

స్పోర్ గాల్లోనో వాన చినుకుల వల్లనో వచ్చి ఆకు అడుగున పడుతుంది. అది మొలవాలంటే ఆకు మీద నీరు పొరలా నిలిచి ఉండాలి, ఊరికే గాలిలో తేమ ఉంటే చాలదు. 22 నుంచి 24 డిగ్రీల వేడి దానికి బాగా నచ్చుతుంది, వెలుతురు ఎక్కువైతే మొలవదు, అందుకే రాత్రిపూట తడిసిన ఆకు దానికి సరిగ్గా సరిపోతుంది. మొలిచాక చిన్న గొట్టం ఒకటి ఆకు మీద పాకుతూ పత్రరంధ్రం కోసం వెతుక్కుంటుంది. కాఫీ ఆకులో పత్రరంధ్రాలు అడుగు వైపే ఉంటాయి, పైన పడిన స్పోర్‌కి దారే లేదు. రంధ్రం దొరికాక దాని మీద గొట్టం చివర ఉబ్బి అతుక్కుంటుంది (దీన్నే అప్రెసోరియం అంటారు), అక్కడ్నుంచి సన్నని పోగు లోపలికి దిగి, కణాల మధ్యనున్న ఖాళీల్లో కొమ్మలు వేసుకుంటూ పోతుంది.

అసలు మెలిక ఇక్కడుంది. ఈ ఫంగస్ చచ్చిన కణాన్ని తినలేదు. బతికున్న కణం నుంచే చక్కెరలు, అమైనో ఆమ్లాలు లాక్కోవాలి. అందుకని కణం గోడకి చిన్న కన్నం పెట్టి లోపలికి ఒక భాగాన్ని పంపిస్తుంది, దాని పేరు హాస్టోరియం. అది కణపొరని చింపదు, బెలూన్‌లోకి వేలు నొక్కితే రబ్బరు వేలి చుట్టూ ఎలా సర్దుకుంటుందో అలా పొర దాని చుట్టూ లోపలికి వంగుతుంది. కణం బతికే ఉంటుంది, ఫంగస్ తింటూనే ఉంటుంది. నారింజ పొడి బయటికి కనిపించడానికి మూడు వారాలు, వాతావరణం చల్లగా ఉంటే ఇంకా ఎక్కువే పడుతుంది, అంటే మనకి మచ్చ కనిపించేసరికి లోపల వ్యవహారం ఎప్పుడో ఎటో ఒకవైపు తేలిపోయి ఉంటుంది.

మా ల్యాబ్‌లో తెగులు వచ్చే రకం ఆకునీ, తట్టుకునే రకం ఆకునీ పక్కపక్కన పెట్టి, ఒకే స్పోర్లు చల్లి చూస్తుంటాం. రెండింటిలోనూ స్పోర్లు ఒకేలా మొలుస్తాయి, ఒకేలా రంధ్రాలు వెతుక్కుంటాయి, మొదటి రోజు మైక్రోస్కోప్‌లో చూసి ఏది ఏదో చెప్పడం కష్టం. రెండో రోజు నుంచి తేడా మొదలవుతుంది. తట్టుకునే ఆకులో పత్రరంధ్రానికి రెండు పక్కలా ఉండే రక్షక కణాలు గోధుమ రంగుకి తిరిగి చచ్చిపోయి ఉంటాయి, కొన్నిచోట్ల వాటిని ఆనుకున్న ఒకటి రెండు కణాలు కూడా, ఆ పక్క కణాలు మాత్రం పచ్చగా నిక్షేపంగా ఉంటాయి. ఫంగస్ పోగు అక్కడిదాకా వచ్చి ఆగిపోయి కనిపిస్తుంది. కొన్నిచోట్ల అది ఇంకొంచెం లోపలికి పోయి ఒకటో రెండో హాస్టోరియాలు కూడా వేస్తుంది, అక్కడ ఆ హాస్టోరియం చుట్టూ మొక్క ఒక తొడుగులాంటిది కట్టేసి ఉంటుంది. అనిలిన్ బ్లూ రంగు వేసి అల్ట్రావయొలెట్ వెలుగులో పెడితే ఆ తొడుగు నీలం తెలుపు కలిసిన వెలుగుతో మెరుస్తుంది, అది కాలోస్, మొక్క గోడకి అడ్డుకట్టగా వేసుకునే పదార్థం. నిజంగా చూడాల్సిన దృశ్యం అది. మామూలు కంటికి ఆ ఆకు మీద ఏమీ ఉండదు, మహా అయితే లేత రంగు చుక్కలు.

సో మీ మొదటి ప్రశ్నకి సగం జవాబు ఏంటంటే, తెల్ల రక్తకణాల్లాంటి ప్రత్యేక దళం మొక్కకి లేదు, ప్రతి కణమూ తనంతట తానే గుర్తుపట్టి తనంతట తానే ఎదుర్కొంటుంది. ఆ గుర్తుపట్టడం వెనకున్న అణువుల సంగతి జన్యువుల మీద పని చేసేవాళ్ళు చెప్తే బాగుంటుంది.

---

జన్యుశోధిని:

పైన చెప్పినదాన్నే కొనసాగిస్తాను. గుర్తుపట్టడం రెండు చోట్ల జరుగుతుంది, కణం బయట ఒకటి, కణం లోపల ఒకటి. ఈ రెండింటికీ తేడా పట్టుకుంటే మీ మిగతా డౌట్లన్నీ వాటంతటవే విడిపోతాయి.

బయట జరిగేది. ఫంగస్ గోడలో కైటిన్ అనే పదార్థం ఉంటుంది, మొక్కలో అది అస్సలు ఉండదు. కాబట్టి కైటిన్ ముక్క కనిపించిందంటే ఎవరో పరాయివాళ్ళు వచ్చారనే అర్థం. మొక్క కణపొర మీద ఈ ముక్కల్ని పట్టుకునే రిసెప్టర్ ప్రోటీన్లు ఉంటాయి, వీటి బయటి భాగాన్ని లైసెమ్ డొమైన్ అంటారు, వరిలోనూ అరాబిడాప్సిస్‌లోనూ (ల్యాబ్‌లలో ప్రయోగాలకి ఎక్కువగా వాడే చిన్న మొక్క) వీటి మీద చాలా పని జరిగింది, ఆ కుటుంబం జన్యువులు కాఫీలోనూ ఉన్నాయి. ముక్క అతుక్కోగానే నిమిషాల్లోనే కణంలోకి కాల్షియం దూసుకొస్తుంది, కణం బయట హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి పుడతాయి, లోపల కైనేజ్ ప్రోటీన్లు ఒకదాన్నొకటి లేపుకుంటూ కేంద్రకం దాకా వార్త చేరవేస్తాయి. అప్పుడు రక్షణ జన్యువులు ఆన్ అవుతాయి. గోడకి లోపలి వైపు కాలోస్ పేరుకుంటుంది, లిగ్నిన్ చేరి గోడ గట్టిపడుతుంది, కైటినేజ్, గ్లూకనేజ్ అనే ఎంజైములు బయటికి వచ్చి ఫంగస్ గోడని కోస్తాయి. నాకు ఇందులో చాలా ఇష్టమైన విషయం ఒకటుంది, కైటినేజ్ కోసినప్పుడు ఇంకా కైటిన్ ముక్కలు ఊడిపడతాయి, ఆ ముక్కల్ని చుట్టుపక్కల రిసెప్టర్లు మళ్ళీ పట్టుకుంటాయి, అంటే కొట్టే పనే కబురు పంపే పని కూడా చేస్తుంది.

ఇక లోపల జరిగేది. తుప్పు ఫంగస్ ఊరికే కూర్చోదు కదా, హాస్టోరియం నుంచి ఎఫెక్టర్లు అనే ప్రోటీన్లని మొక్క కణంలోకి వదులుతుంది. వాటి పని పైన చెప్పిన కబురుని మధ్యలో తుంచేయడం, రక్షణని అణచడం, కణాన్ని తనకి తిండి పెట్టేలా మార్చుకోవడం. తెగులు వచ్చే రకాల్లో జరిగేది సరిగ్గా ఇదే, మొక్క గుర్తుపట్టలేదని కాదు, గుర్తుపట్టాక మొదలైన పనిని ఫంగస్ నొక్కేసింది. తట్టుకునే రకంలో కణం లోపల ఇంకో తరహా రిసెప్టర్లు ఉంటాయి, ఎన్‌ఎల్‌ఆర్‌లు అంటారు. ఇవి ఏదో ఒక ఎఫెక్టర్‌ని నేరుగా పట్టుకోవచ్చు, లేదా ఆ ఎఫెక్టర్ చెడగొట్టే సొంత ప్రోటీన్ మీద కన్నేసి ఉంచి, దానికి ఏదైనా అయిందంటే వెంటనే లేవచ్చు. లేచాక ఏమవుతుందో అరాబిడాప్సిస్‌లో జార్1 అనే ఎన్‌ఎల్‌ఆర్ మీద 2019 నుంచి వివరంగా తేలింది, ఐదు ప్రోటీన్లు గుండ్రంగా ఒకచోట చేరి పొరలో దారి చేస్తాయి, అందులోంచి కాల్షియం వస్తుంది, కణం చచ్చిపోతుంది. మైక్రోస్కోప్_మిత్ర గారు చూసిన గోధుమ రంగు కణాలు ఈ బాపతు చావే. బతికున్న కణం లేకపోతే తుప్పు ఫంగస్‌కి తిండి లేదు కాబట్టి రెండు మూడు కణాలు పోయినా ఆకు దక్కుతుంది.

కాఫీలో ఈ జన్యువులకి ఎస్‌హెచ్1 నుంచి ఎస్‌హెచ్9 దాకా పేర్లు పెట్టారు. 1, 2, 4, 5 అరబికా అనే కాఫీ జాతిలో దొరికినవి, 3 లైబీరికా జాతి నుంచి వచ్చింది, 6 నుంచి 9 దాకా రోబస్టా జాతి వైపు నుంచి వచ్చాయి. ఎస్‌హెచ్3 ఉన్నచోట జన్యువులు చదివి చూస్తే అక్కడ ఈ ఎన్‌ఎల్‌ఆర్ కుటుంబం జన్యువులు గుంపుగా ఉన్నాయి. మొక్కలో ఒక జన్యువుకి ఫంగస్‌లో ఒక జన్యువు జోడీగా ఉంటుంది అన్న సంగతి 1940లలో ఫ్లోర్ అనే ఆయన అవిసె మొక్క తుప్పు తెగులు మీద చేసిన పనితో బయటపడింది, కాఫీకీ అదే లెక్క పనికొచ్చింది.

---

పచ్చాకు_77:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి, మా పుస్తకం మొత్తం చదివినా ఇంత రాలేదు. మళ్ళీ మూడు డౌట్లు. కైటిన్ అన్ని ఫంగస్‌లలోనూ ఉన్నప్పుడు మొక్క అన్నిటినీ ఆపేయాలి కదా? ఒకసారి తెగులు తగిలిన మొక్కకి, మనకి టీకా వేసినట్టు, రెండోసారి రాకుండా ఉంటుందా? ఇంకా, కాఫీలో ఉన్న కెఫీన్ ఫంగస్‌ని చంపుతుంది అని ఒకచోట చూశాను, అది నిజమేనా?

---

జన్యుశోధిని:

మొదటిదానికి, నిజానికి ఆపేస్తుంది. ఒక ఆకు మీద రకరకాల ఫంగస్‌ల స్పోర్లు వచ్చి పడుతూనే ఉంటాయి, వాటిలో దాదాపు ఏదీ ఆ ఆకుని ఏమీ చేయలేదు, ఆ ఆకు మీద పని చేసే ఎఫెక్టర్లు వాటికి లేవు. గోధుమ పంటకి వచ్చే తుప్పు స్పోర్లు కాఫీ ఆకు మీద పడితే కాఫీకి ఆ తుప్పు రాదు. మనం తెగుళ్ళ గురించే మాట్లాడుకుంటాం కాబట్టి మొక్క ఎప్పుడూ ఓడిపోతున్నట్టు అనిపిస్తుంది గానీ, తెగులు రావడమే అరుదు. ఆ అరుదైన కొన్ని ఫంగస్‌లు కైటిన్ కనిపించకుండా చూసుకోవడం కూడా నేర్చుకున్నాయి. తుప్పు ఫంగస్‌లు కొన్ని ఆకు లోపలికి దిగిన పోగుల గోడలో పైనున్న కైటిన్‌ని కైటోసాన్‌గా మార్చుకుంటాయి, దాన్ని మొక్క ఎంజైములు సులువుగా కోయలేవు, రిసెప్టర్లు అంత బాగా పట్టుకోలేవు.

రెండోదానికి, యాంటీబాడీలు తయారుచేసుకుని ఫలానా క్రిమి అని గుర్తుపెట్టుకునే ఏర్పాటు మొక్కలో లేదు. కానీ ఒకచోట కణాలు ఇలా చచ్చినప్పుడు సాలిసిలిక్ యాసిడ్ పెరుగుతుంది, దాంతోపాటు వేరే సంకేతాలు కలిసి దూరంగా ఉన్న ఆకులకి కూడా చేరి, అక్కడి కణాల్ని కొన్నాళ్ళపాటు సిద్ధంగా ఉంచుతాయి. ఆ సమయంలో ఏది వచ్చినా ఎదుర్కోవడం కొంచెం త్వరగా మొదలవుతుంది, అది తుప్పుకే ప్రత్యేకం కాదు. అసిబెంజోలార్ అనే మందు ఈ సాలిసిలిక్ యాసిడ్ దారినే నకిలీగా లేపుతుంది, కాఫీ మీద కూడా పరీక్షించారు, తుప్పు తగ్గుతుంది. కానీ రక్షణ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలంటే మొక్కకి ఖర్చు, పెరుగుదలకి పోవాల్సింది అటు పోతుంది. అందుకే మొక్క దాన్ని అవసరమైనప్పుడే లేపుకుంటుంది.

కెఫీన్ గురించి నా అభిప్రాయం కొంచెం గట్టిగానే చెప్తాను. ల్యాబ్‌లో గాజు పళ్ళెంలో కెఫీన్ కలిపితే చాలా ఫంగస్‌లు సరిగా పెరగవు, అది నిజమే. ఫినాల్ పదార్థాలు, క్లోరోజెనిక్ యాసిడ్ లాంటివి కూడా కాఫీలో దండిగా ఉంటాయి, తట్టుకునే ఆకుల్లో ఫంగస్ ఆగిన చోట ఫినాల్ లాంటివి చేరడం మైక్రోస్కోప్‌లోనూ కనిపిస్తుంది. కానీ అరబికా ఆకులోనూ కెఫీన్ ఉంది, అయినా తుప్పు దాన్ని మోడు చేసి పెడుతుంది. రోబస్టా గింజలో కెఫీన్ రెట్టింపు దాకా ఉంటుంది, రోబస్టా తుప్పుని బాగా తట్టుకుంటుంది, ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఇదీ కారణం అనేస్తున్నారు. రోబస్టాలో ఎస్‌హెచ్ జన్యువులు వేరే, చిన్న చిన్న ప్రభావమున్న జన్యువులు వేరే బోలెడున్నాయి. కెఫీన్‌కి ఇచ్చే పేరు చాలావరకు వాటికి దక్కాల్సింది.

---

తోటచూపు:

రెండో డౌట్‌కి, అంటే రకాలు ఎందుకు పడిపోతాయి అన్నదానికి చరిత్ర వైపు నుంచి రాస్తాను, నేను రకాల అభివృద్ధి వైపు పని చేస్తాను.

ఈ ఫంగస్‌కి బర్క్‌లీ, బ్రూమ్ అనే ఇద్దరు పేరు పెట్టింది 1869లో, సిలోన్ (ఇప్పటి శ్రీలంక) నుంచి వచ్చిన ఆకులు చూసి. తర్వాత ఇరవై ఏళ్ళలో సిలోన్‌లో కాఫీ దాదాపు ఊడ్చుకుపోయి టీ వచ్చింది. అంత ఘోరంగా ఎందుకు పోయిందంటే, అరబికా ముందు నుంచే వంశం చిక్కిపోయిన మొక్క. రోబస్టాకీ యూజీనియాయిడెస్ అనే జాతికీ ఎప్పుడో (సుమారు 6 లక్షల ఏళ్ళ కిందట అని అంచనా) కలిసిన సంకరం నుంచి పుట్టింది, 44 క్రోమోజోములు, తన పుప్పొడితో తనే కాయ కడుతుంది, పైగా యెమెన్ నుంచి బయటికి వెళ్ళిన కొద్దిపాటి గింజల నుంచే ప్రపంచంలో చాలా తోటలు వచ్చాయి. తోటలో వేల చెట్లున్నా గుర్తుపట్టే రిసెప్టర్లు అన్నిట్లోనూ ఇంచుమించు అవే. ఒక చెట్టుని దాటగలిగిన ఫంగస్ అన్నిటినీ దాటుతుంది.

20వ శతాబ్దం మొదట్లో మైసూరు తోటల్లో తుప్పు రాని చెట్టు ఒకటి కనిపిస్తే దాన్నుంచి కెంట్ అనే రకం తెచ్చారు, కొన్నేళ్ళు బాగానే ఉంది, తర్వాత దానికీ వచ్చింది. 1940లలో కర్ణాటకలోని బాలెహొన్నూరు కాఫీ పరిశోధనా కేంద్రం నుంచి ఎస్.795 అనే రకం వచ్చింది, అందులో కెంట్‌తో పాటు లైబీరికా రక్తం ఉంది, ఎస్‌హెచ్3 దాని ద్వారానే. అది చాలా కాలం నిలబడింది, ఇప్పుడు దానికీ కొంత వస్తుంది. ఇంకోవైపు 1927లో టిమోర్ దీవిలో ఒక తోటలో అరబికా, రోబస్టా సహజంగా కలిసిన చెట్టు దొరికింది, టిమోర్ హైబ్రిడ్ అంటారు. దాన్ని కటూరా అనే అరబికా రకంతో కలిపితే కటిమోర్‌లు, విల్లా సార్చి అనే ఇంకో అరబికా రకంతో కలిపితే సార్చిమోర్‌లు. ప్రపంచంలో ఇవాళ తుప్పు తట్టుకుంటాయని నాటే అరబికా రకాల్లో చాలావాటికి ఆ ఒక్క చెట్టే మూలం, ఆలోచిస్తే కొంచెం భయమేస్తుంది.

ఇక మీ ప్రశ్నకి సూటిగా జవాబు, మారింది ఫంగసే. మొక్కలో జన్యువు, ఆ జన్యువు చేసే రిసెప్టర్ అలాగే ఉన్నాయి. ఆ రిసెప్టర్ ఒకే ఒక్క ఎఫెక్టర్‌ని చూసి లేస్తుంది కదా, ఫంగస్‌లో ఆ ఎఫెక్టర్ జన్యువు చెడిపోయినా, ఊడిపోయినా, కొంచెం ఆకారం మారినా రిసెప్టర్‌కి ఏమీ కనిపించదు. ఒక్క మచ్చ నుంచి మూడు నాలుగు నెలల్లో లక్షల స్పోర్లు రాలతాయి, అలాంటి మచ్చలు ఆకుకి ఎన్నో, చెట్టుకి ఎన్ని ఆకులో చూసుకోండి. వాటిలో ఒక్కదాంట్లో ఆ మార్పు వస్తే, ఆ ఏడాది ఆ రకం నాటిన తోటలన్నీ దానిదే. పోర్చుగల్‌లోని ఓయిరాస్‌లో 1955లో కాఫీ తుప్పు తెగుళ్ళ కోసమే ఒక కేంద్రం పెట్టారు, రకరకాల దేశాల నుంచి వచ్చే తుప్పుని తెలిసిన ఎస్‌హెచ్ జన్యువులున్న మొక్కల మీద చల్లి ఇది ఏ రేస్ (ఏ జన్యువుల్ని దాటగలదో దాన్నిబట్టి పెట్టే ఫంగస్ రకం) అని తేలుస్తారు, అలా తేలినవి 50 దాటాయి. హోండురస్‌లో లెంపిరా అనే కటిమోర్ రకం మీద జనం చాలా నమ్మకం పెట్టుకున్నారు, 2017 ప్రాంతంలో దానికీ తుప్పు పట్టడం మొదలైంది.

కొలంబియావాళ్ళు వేరే ఆలోచన చేశారు, 2005లో విడుదల చేసిన కస్టీయో ఒకే రకంలా కనిపించినా లోపల చాలా వేర్వేరు లైన్ల గింజల కలయిక. ఒక లైన్‌ని దాటిన స్పోర్ పక్క చెట్టు మీద పడితే అక్కడ వేరే జన్యువులు ఎదురవుతాయి. నాకు ఈ పద్ధతి మీదే ఎక్కువ గురి.

---

వాన_చినుకు:

ఇంత తంటా ఎందుకండీ, బోర్డో మిశ్రమం (రాగి ఉన్న మందు) టైముకి కొడితే తుప్పు ఆగుతుంది కదా. జన్యువు పెట్టడం, అది పోవడం, మళ్ళీ ఇంకోటి వెతకడం, ఎప్పటికీ తేలేది కాదు ఇది.

---

తోటచూపు:

ఆగుతుంది, కాదనను, నేనూ వద్దనను. కానీ రాగి పనిచేసేది ఆకు మీద ఉన్న స్పోర్ మొలవకుండా ఆపడానికే, లోపలికి దిగిపోయిన పోగుని అది ఏమీ చేయదు. వాన ముందు కొట్టాలి, ఆకు అడుగున తగలాలి, కొత్త ఆకు వస్తే దాని మీద మందు ఉండదు, ఏళ్ళ తరబడి కొడితే నేలలో రాగి పేరుకుంటుంది. చిన్న తోటలవాళ్ళు ధర పడిపోయిన ఏడాది కొట్టలేరు, పెద్ద తుప్పులు ఎక్కువగా అలాంటప్పుడే వచ్చాయి, 2012లో మధ్య అమెరికాలో వచ్చిన దానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. మొక్క తనంతట తాను ఆపుకోగలిగితే ఆ బెంగ ఉండదు కదా.

ఇంకోటి, ఒక్క జన్యువుతో పూర్తిగా రాకుండా చేయడం ఒక్కటే దారి కాదు. కొన్ని మొక్కల్లో తుప్పు వస్తుంది గానీ నింపాదిగా వస్తుంది, పొడి బయటికి రావడానికి ఎక్కువ రోజులు పడుతుంది, మచ్చ చిన్నగా ఉంటుంది, స్పోర్లు తక్కువ రాలతాయి. దీని వెనక చిన్న చిన్న జన్యువులు చాలా కలిసి పని చేస్తాయి, అన్నిటినీ ఒకేసారి దాటడం ఫంగస్‌కి కష్టం. చూడ్డానికి గొప్పగా ఉండదు, ఆకు మీద మచ్చలు కనిపిస్తాయి కాబట్టి రైతుకి నచ్చదు, కానీ నిలకడగా ఉంటుంది. మొక్క పరిస్థితి కూడా లెక్కలోకి వస్తుంది, కాపు విపరీతంగా కాసిన ఏడాది అదే చెట్టుకి తుప్పు ఎక్కువగా వస్తుంది.

---

మైక్రోస్కోప్_మిత్ర:

ఒక్క మాట కలుపుతాను. తుప్పుని తట్టుకుంటే అన్నిటినీ తట్టుకుంటుందని అనుకోకండి. కాయకుళ్ళు తెచ్చే కొల్లెటోట్రైకం కహావే ఉంది, 1922లో కెన్యాలో మొదట కనిపించింది, ఇప్పటికీ ఆఫ్రికాలోనే ఉంది. అది పచ్చి కాయ మీద దాడి చేస్తుంది, కాసేపు బతికున్న కణంలో ఉండి తర్వాత చంపి తింటుంది, కాబట్టి కణం చచ్చిపోవడం ఒక్కటే అక్కడ సరిపోదు. తట్టుకునే రకాల కాయలో కొన్ని వరసల కణాలు మళ్ళీ విభజన చెంది, గోడల్లో బెండు పదార్థం నింపుకుని, ఫంగస్ ఉన్న చోటుని మిగతా కాయ నుంచి వేరుచేసేస్తాయి, బయటికి గజ్జిలాంటి చిన్న పొక్కు మిగులుతుంది, లోపల గింజ బాగానే ఉంటుంది. కెన్యాలో 1985లో వచ్చిన రుయిరు 11 ఈ తెగులుని దృష్టిలో పెట్టుకుని చేసిందే. ఇక రోబస్టా, తుప్పుకి లొంగని మొక్క, ఫ్యుజేరియం వల్ల వచ్చే ఎండు తెగులుకి 1990లలో ఉగాండాలో, కాంగోలో కుప్పలుగా పోయింది. ఆ ఫంగస్ నీళ్ళ గొట్టాల్లోకి దిగుతుంది, అక్కడ పత్రరంధ్రమూ లేదు, హాస్టోరియమూ లేదు, తుప్పుని పట్టుకునే రిసెప్టర్లకి అక్కడ పనే లేదు.

---

పచ్చాకు_77:

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్ అండి. ఈ కాలోస్ మెరవడం, కణాలు చావడం ప్రాజెక్ట్‌లో చూపించాలని ఉంది. మా కాలేజీలో అల్ట్రావయొలెట్ మైక్రోస్కోప్ ఉంది గానీ ఎప్పుడు ఖాళీ ఉంటుందో చెప్పలేం. మామూలు మైక్రోస్కోప్‌తో ఏమైనా చూడొచ్చా?

---

మైక్రోస్కోప్_మిత్ర:

చూడొచ్చు. స్పోర్లు చల్లి, ఆకుని చీకట్లో ఒక రాత్రి తడిగా ఉంచి, తర్వాత రెండో రోజు నుంచి రోజూ చిన్న ముక్కలు కోసి పెట్టుకోండి. హైడ్రోజన్ పెరాక్సైడ్ చూడాలంటే తాజా ముక్కని డాబ్ (డీఏబీ) అనే రంగు ద్రావణంలో ఉంచండి, పెరాక్సైడ్ ఉన్నచోట గోధుమ రంగు వస్తుంది, తర్వాత ఆల్కహాల్‌లో వేడిచేసి పచ్చదనం పోగొడితే ఆ గోధుమ రంగు స్పష్టంగా కనిపిస్తుంది. చచ్చిన కణాలకి ట్రిపాన్ బ్లూ వేయండి, చచ్చిన కణమూ ఫంగస్ పోగూ రెండూ నీలంగా కనిపిస్తాయి, బతికున్న కణాలకి రంగు పట్టదు. మామూలు మైక్రోస్కోప్ చాలు. తెగులు వచ్చే రకంలో నీలం పోగులు కణాల మధ్య వలలా అల్లుకుని ఉంటాయి, తట్టుకునే రకంలో పత్రరంధ్రం దగ్గర నీలం చుక్కలా ఆగిపోతాయి, రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే మాస్టారికి వేరే వివరణ అక్కర్లేదు. అల్ట్రావయొలెట్ దొరికిన రోజున అనిలిన్ బ్లూ వేసిన ముక్కలు చూడండి, రంగు ద్రావణం క్షారంగా ఉండాలి, పీహెచ్ 9 దగ్గర, లేకపోతే కాలోస్ సరిగా మెరవదు.

స్పోర్లు చల్లని ఆకు ముక్కలు కూడా ప్రతిరోజూ పక్కన పెట్టుకోండి, కోసిన అంచుల దగ్గర గాయం వల్లే కణాలు చచ్చి కాలోస్ వస్తుంది, దాన్ని ఫంగస్ ఖాతాలో వేయకూడదు. ట్రిపాన్ బ్లూలో ఫినాల్ కలుపుతారు, డాబ్ కూడా ఒంటికి మంచిది కాదు, గ్లవ్స్ వేసుకుని ఫ్యూమ్ హుడ్ కిందే చేయండి. ఏ రకం ఆకులు దొరికాయో, ఎస్‌హెచ్ జన్యువులు ఏవి ఉన్నాయో ఇక్కడ పెడితే ఏ రోజు ఏం కనిపించాలో చెప్తాను.